వద్దనడం నేర్పిన పీరియడు

ఆ పీరియడు నా నెత్తిన ఎలా పడిందో ఇప్పటికీ బాగా గుర్తుంది. వేసవి సెలవులయ్యాక బడి తెరిచిన కొత్తలో స్టాఫ్ మీటింగు పెట్టారు. ప్రిన్సిపల్ మేడమ్ చేతిలో బోర్డు నుంచి వచ్చిన సర్క్యులర్ ఉంది. పెద్ద తరగతుల పిల్లలకు వారానికొక పీరియడు 'లైఫ్ స్కిల్స్' చెప్పాలట. నలుగురిలో ఎలా మెలగాలి, కోపం వస్తే ఏం చేయాలి, ఇష్టం లేనిదాన్ని ఎలా కాదనాలి, ఎదుటివాళ్ల బాధ ఎలా అర్థం చేసుకోవాలి, ఇవన్నీ నేర్పాలట. తొమ్మిదో తరగతికి ఎవరు తీసుకుంటారని ఆవిడ అడగ్గానే లెక్కల మాస్టారు సిలబస్ మిగిలిపోతుందన్నారు. ఇంగ్లిషు టీచరు దిద్దాల్సిన పేపర్ల కట్ట చూపించింది. నేను మంచినీళ్ల సీసా కోసం బ్యాగులోకి వంగాను. తలెత్తేసరికి అందరూ నావైపే చూస్తున్నారు.

"మీరు నెమ్మదిగా మాట్లాడతారు. మీ సౌత్ ఇండియన్లకి ఓపిక కూడా ఎక్కువ," అంది ప్రిన్సిపల్ హిందీలో.

నా ఓపిక సంగతి మా ఇంట్లో అడిగితే వేరే జవాబు వచ్చేది. మావారు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి. ఢిల్లీలో సరోజినీ నగర్ క్వార్టర్సులో ఉండేవాళ్లం. నేను ధౌలా కువాన్‌లో బస్సు మారి, ఇంకా అవతలికి వెళ్లి ఆ ప్రైవేటు స్కూల్లో బయాలజీ చెప్పేదాన్ని. పొద్దున్నే వంట చేసి, రెండు బస్సుల్లో నిలబడి, బడికి చేరేసరికే ఆ రోజు ఓపిక సగం అయిపోయేది. కానీ ఆ మీటింగులో "కాదు, నాకు వీలు పడదు" అని చెప్పలేదు. నోరు రాలేదు. అలా, కాదనడం పిల్లలకు నేర్పే పని నాకు వచ్చింది.

ముందు మాకు శిక్షణ ఇచ్చారు. ఒక హాల్లో రకరకాల బడుల టీచర్లందరినీ కూర్చోబెట్టి బెలూన్లు ఊదించారు. కళ్లు మూసుకుని వెనక్కి పడమన్నారు, వెనకున్నవాళ్లు పట్టుకుంటారట, దాంతో నమ్మకం పెరుగుతుందట. నా వెనక నిలబడ్డ పెద్దావిడ మోకాళ్ల నొప్పులని ముందే చెప్పింది కాబట్టి నేను పడలేదు. చివర్లో ఒక రంగుల అట్టపెట్టె ఇచ్చారు. అందులో బోలెడు కార్డులు. ఒక్కో కార్డు మీద ఒక సందర్భం, కింద చర్చించాల్సిన ప్రశ్నలు.

మొదటి క్లాసులో ఒక కార్డు తీసి, "మనసుకి ఒత్తిడిగా ఉంటే ఏం చేస్తారు?" అని అడిగాను.

"డీప్ బ్రీదింగ్, మ్యామ్," అని క్లాసంతా ఒక్క గొంతుతో అంది.

"మీలో ఎవరైనా ఎప్పుడైనా నిజంగా చేశారా?"

వెనక బెంచీ కుర్రాడొకడు చెయ్యెత్తాడు. ఆశగా లేవమన్నాను. "మ్యామ్, దీనికి మార్కులుంటాయా?" అన్నాడు. మార్కులుండవు, రిపోర్టు కార్డులో గ్రేడు మాత్రమే ఉంటుందని చెప్పగానే సగం క్లాసు లెక్కల పుస్తకాలు తీసింది.

మరో వారం కార్డులో స్నేహితుడు సిగరెట్టు తాగమని బలవంతపెట్టే సన్నివేశం ఉంది. నటించి చూపించాలి. సిగరెట్టు ఇచ్చేవాడి పాత్రకు మగపిల్లలంతా ఎగబడ్డారు. వద్దనేవాడి పాత్రకు ఒక్కడూ రాలేదు. చివరికి ఒకణ్ణి పట్టుకుని నిలబెడితే, సుద్దముక్కను పెదాల మధ్య పెట్టుకుని హాయిగా పొగ వదిలాడు. క్లాసు పగలబడి నవ్వింది. పక్క గదిలోంచి టీచరు తొంగి చూసి, "అచ్ఛా, లైఫ్ స్కిల్స్!" అని వెళ్లిపోయింది.

ఆ రోజు సాయంత్రం ఇంటికెళ్లి చెప్పుల్లోంచి కాళ్లు తీయకుండానే కుర్చీలో కూలబడ్డాను. బయాలజీ క్లాసులో కప్ప గుండెకు ఎన్ని గదులంటే ఒక జవాబుంటుంది. ఇక్కడ పిల్లలందరికీ సరైన జవాబు ముందే తెలుసు, దాన్ని ఒక్కరూ నమ్మరు. మావారు పేపరు దించి, "వదిలెయ్యవే, కార్డులు చదివి వచ్చెయ్," అన్నారు. ఆయన చెప్పినట్టే చేసుంటే హాయిగా ఉండేదాన్ని.

కానీ నా చిరాకు నన్ను ఊరుకోనివ్వలేదు. మరుసటి వారం అట్టపెట్టె స్టాఫ్‌రూములోనే వదిలేసి వెళ్లాను. "ఈ వారం మీరందరూ నిజంగా ఒకళ్లకి 'వద్దు' అని చెప్పాలి. అరవకూడదు, అబద్ధం సాకు చెప్పకూడదు, మొహం ముడుచుకుని వెళ్లిపోకూడదు. ఏం జరిగిందో వచ్చి చెప్పండి," అన్నాను.

తర్వాతి వారం చేతులు బాగానే లేచాయి. పాలు తాగనని మమ్మీకి చెప్పానన్నాడొకడు. తమ్ముడికి సైకిలు ఇవ్వనని చెప్పానంది ఒకమ్మాయి. హోంవర్క్ చెయ్యనని మీకే చెబుతున్నాను మ్యామ్ అన్నాడు సుద్దముక్క తాగినవాడు. వాళ్లతో వేగుతుండగా కిటికీ పక్కన కూర్చున్న ఒకమ్మాయి చెయ్యెత్తకుండా నావైపే చూడటం గమనించాను.

ఆ పిల్ల మన తెలుగమ్మాయే. ఢిల్లీలోనే ద్వారక కాలనీలో ఉండేవాళ్లు. తండ్రి సాఫ్ట్‌వేరు ఉద్యోగం మీద హైదరాబాదు నుంచి వచ్చారు. నేను తెలుగులో పలకరిస్తే అర్థం చేసుకుని హిందీలో జవాబిచ్చేది. చదువులో ముందుండేది, క్లాసులో నోరెత్తేది కాదు. టీచర్లందరూ 'మంచి పిల్ల' అనేవారు. అంటే ఎవరికీ పని పెట్టని పిల్ల అని.

"నువ్వేం చేశావమ్మా?"

"ఏం చెయ్యలేదు మ్యామ్," అంది లేచి. "నేను వద్దని చెప్పాలనుకునేవాళ్లంతా పెద్దవాళ్లే. పెద్దవాళ్లకి ఎలా చెప్పాలి?"

అందరూ అడగాలనుకున్న ప్రశ్న అదేనని వాళ్ల మొహాలే చెప్పాయి. శిక్షణలో విన్నది గుర్తు తెచ్చుకుని బోర్డు మీద రాశాను. మనిషిని అనకూడదు, జరిగిన విషయం గురించి మాత్రమే మాట్లాడాలి. దానివల్ల మనకెలా ఉందో చెప్పాలి. బదులుగా ఏం చేస్తే బాగుంటుందో మనమే ఒక దారి చూపించాలి. ఆ అమ్మాయి శ్రద్ధగా విని తలూపింది. గంట కొట్టారు. నేను సుద్ద దులుపుకుని హమ్మయ్య అనుకుని వచ్చేశాను.

ఆ తర్వాత పంద్రాగస్టు రిహార్సల్సు మొదలయ్యాయి.

ఆ ఏడు స్కూలు యాజమాన్యం ఎవరో పెద్ద అధికారిని ముఖ్య అతిథిగా పిలిచింది. అందుకని ప్రిన్సిపల్‌కి కాలు నిలవడం లేదు. ఆవిడ చెడ్డమనిషేం కాదు. ఏ పిల్లవాడు ఏ బస్సులో వస్తాడో, ఎవరింట్లో ఎవరికి బాగోలేదో అన్నీ ఆవిడకు తెలుసు. కానీ పైనుంచి మాట పడుతుందంటే మాత్రం కిందున్నవాళ్లు కనిపించరు. ఆరో తరగతి నుంచి తొమ్మిదో తరగతి దాకా అందర్నీ మైదానంలో వరసలు కట్టించి డ్రిల్లు చేయించేది. ఢిల్లీలో ఆగస్టు ఎలా ఉంటుందో అక్కడున్నవాళ్లకి తెలుసు. వాన పడదు, గాలి కదలదు, ఒళ్లంతా జిగట. దాన్ని అక్కడ 'ఉమస్' అంటారు. ఆ ఉమస్‌లో పిల్లలు టోపీల్లేకుండా నిలబడేవారు. వరస అందం చెడుతుందని నీళ్ల సీసాలు కూడా తేనిచ్చేవారు కాదు. అందరికన్నా ముందు చిన్నవాళ్లని నిలబెట్టేవారు. వాళ్ల వంతు ఆఖర్న వచ్చేది. అప్పటిదాకా ఊరికే నిలబడాలి. ఆరో తరగతి పిల్లల్లో రోజూ ఎవరో ఒకరు కళ్లు తిరిగి పడితే మోసుకెళ్లి పంకా కింద పడుకోబెట్టేవాళ్లం. టీచర్లం మాలో మేం సణుక్కునేవాళ్లం. సణుగుడు వేదిక దాకా వెళ్లేది కాదు.

ఒక రోజు నా పక్కనే నిలబడ్డ ఒక చిన్నపిల్ల వాంతి చేసుకుంది. నేను ఆ పిల్ల మొహం కడిగిస్తుంటే మైదానంలో చప్పుడు ఆగిపోయింది. తిరిగి చూశాను. మా తెలుగమ్మాయి తొమ్మిదో తరగతి వరసలోంచి బయటికొచ్చి, ఆ పెద్ద మైదానానికి అడ్డంగా, పరుగెత్తకుండా, వేదికవైపు నడుస్తోంది.

వేదిక మీద షామియానా నీడలో ప్రిన్సిపల్ మైకు ముందు నిలబడి ఉంది. "క్యా హువా? లైన్లో నిలబడు," అంది.

"మ్యామ్, ఒక మాట చెప్పాలి," అంది ఆ అమ్మాయి. మైకు ఆన్‌లోనే ఉంది. ఆ సన్నటి గొంతు మైదానమంతా వినిపించింది. "చిన్నపిల్లలు వాళ్ల వంతు వచ్చేదాకా ఎండలో నిలబడుతున్నారు. రోజూ ఎవరో ఒకరికి ఒంట్లో బాగోవడం లేదు. చూస్తుంటే నాకు భయంగా ఉంది. వాళ్లని వరండాలో కూర్చోబెట్టి, వంతు వచ్చినప్పుడు పిలిస్తే బాగుంటుంది. అంతవరకు నేను డ్రిల్లు చెయ్యను మ్యామ్."

విషయం, దానివల్ల తనకెలా ఉంది, బదులుగా ఏం చేయాలి. బోర్డు మీద నేను రాసింది రాసినట్టు, అదే వరసలో.

"ఇలా మాట్లాడటం నీకెవరు నేర్పారు?"

"లైఫ్ స్కిల్స్ క్లాసులో మ్యామ్," అంది అమాయకంగా.

మైదానంలో ఉన్న తలలన్నీ నావైపు తిరిగాయి. నా చేతిలో తడి రుమాలుంది, చీర కుచ్చెళ్ల మీద ఆ చిన్నపిల్ల వాంతి ఉంది. ఆ క్షణంలో నాకు గర్వం లాంటిదేమీ కలగలేదు. ఈ పిల్ల ఇవాళే చెప్పాలా, మైకు ముందే చెప్పాలా అనిపించింది.

ప్రిన్సిపల్ గదికి వెంటనే పిలుపొచ్చింది. "ఇండిసిప్లిన్ తగ్గుతుందని మిమ్మల్ని ట్రైనింగుకి పంపాను," అందావిడ. "ఆత్మవిశ్వాసం వేరు, బద్‌తమీజీ వేరు. ఆ తేడా మీరు చెప్పలేదా?"

"తను అమర్యాదగా ఏమీ అనలేదు మేడమ్."

"మైకులో చెప్పింది! డ్రైవర్లు, తోటమాలీలు అందరూ విన్నారు. రేపు ఆ అమ్మాయి నాకు సారీ చెప్పాలి. చెప్పించే బాధ్యత మీదే."

లంచ్ టైములో ఆ అమ్మాయిని బయాలజీ ల్యాబుకి తీసుకెళ్లి కూర్చోబెట్టాను. విషయం చెప్పాను. "నేనన్న దాంట్లో ఏ మాట తప్పు మ్యామ్?" అని అడిగింది. వెక్కిరింపుగా కాదు, లెక్కలో ఎక్కడ తప్పిందో అడిగినట్టు. నేను ఆ మాటలన్నీ మనసులో ఒకసారి తిప్పి చూసుకున్నాను. ఏదీ దొరకలేదు.

"మాట కాదే, చోటు," అన్నాను చివరికి. విసుగుతో నాకు తెలియకుండానే మా కాకినాడ తెలుగులోకి దిగిపోయాను. "అందరి ముందూ చెప్తే పెద్దవాళ్లకి చిన్నతనంగా ఉండదా మరి? గదిలోకెళ్లి చెప్పొచ్చు కదా?"

"గదిలోకి వెళ్లాలంటే అపాయింట్‌మెంట్ స్లిప్పు కావాలి మ్యామ్. నిన్నా మొన్నా అడిగాను. రిహార్సల్సు అయ్యాక రమ్మన్నారు."

నాకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. ఆ పిల్ల మీద రాలేదు. ప్రిన్సిపల్ మీద వచ్చినా లాభం లేదు. బెలూన్లు ఊదించి పంపినవాళ్ల మీద మాత్రం బాగా వచ్చింది. పిల్లలకు మాట్లాడటం నేర్పమన్నారు సరే, వినడం పెద్దవాళ్లకు ఎవరు నేర్పాలో ఆ అట్టపెట్టెలో ఒక్క కార్డు లేదు.

మర్నాడు నేను తోడు వెళ్లాను. ఆ అమ్మాయి ప్రిన్సిపల్ ముందు చేతులు కట్టుకుని నిలబడి, "మైకు ఆన్‌లో ఉందని చూసుకోకుండా మాట్లాడాను. అందరి ముందు మీకు ఇబ్బంది కలిగింది. దానికి సారీ మ్యామ్," అంది. ఆ వెంటనే, "చిన్నపిల్లల గురించి అన్నదానికి కాదు," అని కలిపింది. నేను కళ్లు మూసుకున్నాను. ప్రిన్సిపల్, "క్లాసుకి వెళ్లు," అంది. అంతే.

ఆ మధ్యాహ్నం ఒక నోటీసు తిరిగింది. వాతావరణం దృష్ట్యా చిన్న తరగతుల పిల్లలు తమ వంతు వరకు వరండాలో కూర్చోవచ్చని, నీళ్ల సీసాలు తెచ్చుకోవచ్చని రాసి ఉంది. వాతావరణం నిన్న కూడా అదే. ఇంకో నోటీసులో డ్రిల్లు నుంచి ఆ తెలుగమ్మాయి పేరు తీసేశారు. పండగ నాడు ఆ పిల్ల ప్రేక్షకుల్లో కూర్చుని, తన తరగతి వంతు వచ్చినప్పుడు అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది.

అంతటితో అయిపోతుందనుకున్నాను. పేరెంట్ టీచర్ మీటింగు రోజున వాళ్లమ్మ వచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చోగానే తెలుగులో మొదలెట్టింది. ఆవిడది నల్గొండ వైపు.

"మేడమ్, మీరే నేర్పిన్రట గద పిల్లకు ఇదంత?"

"ఏమైందండీ?"

"ఏమైందంటరు! ఇంట్ల ఏం చెప్పినా ఒక లెక్చర్ ఇస్తది. మొన్న చుట్టాలొస్తే పాట పాడమన్న. అందరి ముందట పాడుమంటే నాకు సిగ్గనిపిస్తది మమ్మీ, బదులు చాయ్ నేను పెట్టుకొస్త అన్నది. ఇక మ్యాథ్స్ ట్యూషన్ బంద్ చేస్తదట. ఇదివరకు ఎంత మంచిగుండె! ఏది చెప్తె అది చేసేది."

"చాయ్ పెట్టిందా?" అన్నాను. ఎందుకడిగానో నాకే తెలియదు.

"పెట్టింది. మంచిగనే పెట్టింది," అంది. వెంటనే మళ్లీ చిరాకు తెచ్చుకుని, "గది కాదు మేడమ్ నా బాధ. రేపు అత్తగారింట్ల గూడ ఇట్లనే మాట్లాడితే ఎట్ల?" అంది.

నేను ఆ పూట పొద్దున్నుంచీ తల్లిదండ్రులతో మాట్లాడీ మాట్లాడీ అలసిపోయి ఉన్నాను. "ఇట్లాగే మాట్లాడితే బాగుంటుందండీ," అనేశాను. "ట్యూషన్ ఎందుకు వద్దంటోందో అడిగారా?"

అడగలేదట. పిల్లని పిలిచి అక్కడే అడిగింది. రోజూ స్కూలు నుంచి వచ్చాక ట్యూషన్‌కి వెళ్లి వచ్చేసరికి చీకటి పడుతోందని, దారిలో వాళ్ల సెక్టారు పార్కు దగ్గర కుర్రాళ్లు కూర్చుని వెనకాల ఏవో అంటున్నారని, చెబితే బయటికే పంపరేమోనని ఇన్నాళ్లూ చెప్పలేదని ఆ అమ్మాయి నెమ్మదిగా చెప్పింది. ఈసారి హిందీలో కాదు. వచ్చీరాని తెలుగులో, వాళ్లమ్మ యాసలో. తల్లి మొహంలో రంగు పోయింది. కుర్చీలోంచి లేచి పిల్ల భుజం చుట్టూ చెయ్యి వేసి, నాకు చెప్పకుండానే తీసుకెళ్లిపోయింది. తర్వాత తెలిసింది, ట్యూషన్ మాస్టారే వాళ్ల అపార్టుమెంట్లకి వచ్చి నలుగురు పిల్లలకు కలిపి చెప్పేలా ఏర్పాటు చేసుకున్నారట.

అర్ధ సంవత్సరం రిపోర్టు కార్డులు తయారవుతున్నప్పుడు ప్రిన్సిపల్ నన్ను మళ్లీ పిలిచింది. సామాజిక నైపుణ్యాల గడిలో ఆ అమ్మాయికి నేను 'ఎ' గ్రేడు వేశాను.

"దీన్ని సి చెయ్యండి. తనకో పాఠం అవుతుంది."

నాకు కోపం వస్తే హిందీలో ఆడా మగా తేడాలన్నీ తారుమారైపోతాయి. ఆ రోజు కూడా అయ్యాయి. "మేడమ్, ఆ రోజు జరిగినదానికి మీకు బాధ కలిగిందని నాకు తెలుసు. కానీ నేను చెప్పిందే తను చేసింది. చెప్పినట్టు చేసిన పిల్లకి సి వెయ్యడం నాకు అన్యాయంగా అనిపిస్తోంది. నేను వెయ్యను. మీకు మరీ తప్పదనిపిస్తే మీరే మార్చి, పక్కన మీ సంతకం పెట్టండి," అన్నాను. కార్డు ఆవిడ ముందుకి జరిపాను.

ఆవిడ కార్డు వైపు చూసింది. కలం మూత తీసి, మళ్లీ పెట్టేసింది. "ఠీక్ హై. రహనే దీజియే," అంది, అలాగే ఉండనివ్వమని. నేను తలుపు దాకా వెళ్లాక, "ఆ అమ్మాయి చెప్పింది తప్పని నేననలేదు," అని వెనకనుంచి అంది. నేను తిరిగి చూస్తే ఆవిడ వేరే కాగితాలు చూసుకుంటోంది.

మరుసటి ఏడు టైంటేబుల్లో లైఫ్ స్కిల్స్ పక్కన నా పేరు లేదు. లెక్కల మాస్టారికి ఇచ్చారు. ఆయన ఆ పీరియడులో లెక్కలు చెప్పుకున్నారు. అందరూ సంతోషించారు, పిల్లలు తప్ప. నిజం చెప్పాలంటే నేనూ సంతోషించాను. బయాలజీ, నేను, నా కప్పలు. ఇక ఎవరి మనసులతోనూ పని లేదనుకున్నాను.

కానీ లంచ్ టైములో ల్యాబు తలుపు దగ్గర పిల్లలు తచ్చాడటం మొదలుపెట్టారు. మొదట పదో తరగతికొచ్చిన ఆ తెలుగమ్మాయి, సైన్సు కాకుండా హ్యుమానిటీస్ తీసుకుంటానని నాన్నతో ఎలా మొదలెట్టాలో అడగడానికి వచ్చింది. ఆ తర్వాత సుద్దముక్క కుర్రాడు. స్నేహితుడితో మాటలు ఆగిపోయాయట, ముందు ఎవరు మాట్లాడాలని అడిగాడు. వాళ్ల వెనక ఇంకొకరు. నేను అన్నం తినే టైమదే, నా డబ్బాలో పెరుగన్నం వేడికి పులిసిపోతోంది, మీకు వేరే టైం దొరకదా అని కసిరాను. వాళ్లు కదల్లేదు. ఇక లాభం లేదని స్టూళ్లు లాగి కూర్చోమన్నాను.